పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంచుకుంటూనే లినక్స్ వేసుకోవడం ఎలా?

దిల్‌సుఖ్‌నగర్‌లో స్టేషనరీ షాపు నడిపే మా బామ్మర్ది దగ్గర 2017లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో సాధారణంగా ఎనిమిదో జనరేషన్ ఇంటెల్ నుంచే ఎక్కుతుంది, వాడిది ఏడోది. "బావా, కొత్తది కొనాల్సిందేనా?" అని ఫోన్ చేశాడు. షాపు లెక్కలు రాసే ట్యాలీకి విండోస్ తప్పదు. నెట్‌కి, బ్యాంకు పనులకి మాత్రం లినక్స్ (విండోస్‌లాంటిదే, ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్) హాయిగా సరిపోతుంది. అందుకని రెండూ అందులోనే పెట్టేశాం. ఆన్ చేయగానే ఏది కావాలో అదే అడుగుతుంది. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి, కొత్తవాళ్లకు నేను చెప్పేది లినక్స్ మింట్ 22. చూడ్డానికి విండోస్‌లాగే ఉంటుంది, 2029 దాకా అప్‌డేట్‌లు వస్తాయి, 4 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. తిప్పలన్నీ దానికి ముందు విండోస్‌లో చేయాల్సిన వాటితోనే.

1. ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టండి. మన దగ్గర వాన మబ్బు పట్టిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు.

2. బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం, ఉందేమో చూడండి. హోమ్ ఎడిషన్‌లో దీని పేరు డివైస్ ఎన్‌క్రిప్షన్. నేను ఒకసారి ఇది చూసుకోకుండా నా సొంత ల్యాప్‌టాప్‌లో బయోస్ (విండోస్ కంటే ముందే మొదలయ్యే సెటప్) సెట్టింగ్ మార్చాను. రాత్రి పదకొండింటికి నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది. పొద్దున ఎనిమిదింటికి ఒక డెడ్‌లైన్ ఉంది, కీ ఎక్కడుందో గుర్తులేదు. ఇక టెన్షన్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. చివరికి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరికింది. కాబట్టి ముందే ఆ కీని కాగితం మీద రాసుకుని, తర్వాత బిట్‌లాకర్ ఆఫ్ చేయండి. డిస్క్ మొత్తం డీక్రిప్ట్ అయ్యేదాకా, అంటే ఆ తాళం పూర్తిగా తీసేదాకా ఆగాలి, పెద్ద డిస్క్ అయితే గంట దాటొచ్చు.

3. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే మీరు షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లోకి ఏదీ రాయలేం.

4. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. లెక్క ఎంబీల్లో ఇవ్వాలి. 60 జీబీ కావాలంటే 61440 అని కొట్టాలి. బామ్మర్ది డిస్క్‌లో 200 జీబీ ఖాళీ కనబడుతున్నా విండోస్ ఇరవైకి మించి ఇవ్వనంది. విండోస్ తన అవసరాలకి పెట్టుకునే హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు డిస్క్ మధ్యలో తిష్ట వేసుకుని ఉంటే ఇలాగే మొరాయిస్తుంది. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ కాసేపు ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ అడిగితే దారికొచ్చింది. పని అయ్యాక పేజ్ ఫైల్‌ని, రిస్టోర్‌ని తిరిగి ఆన్ చేయడం మర్చిపోవద్దు. వచ్చిన ఖాళీని అన్‌అలోకేటెడ్‌గానే వదిలేయండి, దాని మీద కొత్త డ్రైవ్ చేయకండి.

5. ఇంట్లో 8 జీబీ పెన్‌డ్రైవ్ లేకపోతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఏ షాపులో అడిగినా ఇస్తారు. మింట్ సైట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకునే ఫైలు దాదాపు 3 జీబీ. దాన్ని రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. అందులో ముందున్నవన్నీ చెరిగిపోతాయి.

6. రీస్టార్ట్ చేసి, ఆన్ అవుతుండగానే కీ నొక్కి బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునేది) తెరవండి. డెల్‌కి, చాలా లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే ఇన్‌స్టాల్ చేయకుండానే మింట్ తెరుచుకుంటుంది. ఇక్కడే వైఫై, సౌండ్, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. వైఫై రాకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, డ్రైవర్ ఆ నెట్‌తో దిగుతుంది.

7. ఇప్పుడు ఇన్‌స్టాల్ ఐకాన్ నొక్కండి. "ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్ విండోస్ బూట్ మేనేజర్" అన్నది ఎంచుకోండి. దాని దగ్గర్లోనే "ఎరేజ్ డిస్క్" ఉంటుంది, చెయ్యి అటు పోనివ్వకండి. విండోస్ పేరు అసలు కనబడకపోతే అక్కడితో ఆగి బయటికి వచ్చేయండి. టైమ్‌జోన్‌లో హైదరాబాద్ కోసం వెతక్కండి, మన దేశం మొత్తానికి అందులో ఉన్నది కోల్‌కతా ఒక్కటే.

రీస్టార్ట్ అయ్యాక, ఏది కావాలో అడిగే గ్రబ్ మెనూలో రెండు పేర్లూ వస్తాయి. తెలుగు టైపింగ్‌కి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లేఅవుట్లు దొరుకుతాయి.

రెండు రోజులకి బామ్మర్ది మళ్లీ ఫోన్. పొద్దున పదింటికి షాపు తెరిస్తే విండోస్ గడియారం నాలుగున్నర చూపిస్తోందట. మెషీన్ లోపలి గడియారంలో ఉన్నది మన టైమ్ అనుకుంటుంది విండోస్. లినక్స్ దాన్ని గ్రీనిచ్ టైమ్ అనుకుని అలాగే దిద్దుతుంది. మనకీ గ్రీనిచ్‌కీ తేడా అయిదున్నర గంటలు, సరిగ్గా అంతే వెనకబడింది. మింట్‌లో టెర్మినల్ తెరవమని ఫోన్‌లోనే చెప్పాను: ఇంగ్లిష్ అక్షరాల్లో టైమ్‌డేట్‌సీటీఎల్, స్పేస్, సెట్-లోకల్-ఆర్‌టీసీ, స్పేస్, 1, ఎంటర్ (timedatectl set-local-rtc 1). పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాడు. విండోస్‌లోకి వెళ్లి ఒకసారి సింక్ నౌ కొట్టాక బిల్లుల మీద టైమ్ సరిగ్గా పడుతోంది.