చూపులేనివారు వాడుకోగల ఇంటర్నెట్ రేడియోను ఎంచుకోవడం, అది మూగబోతే బాగుచేసుకోవడం ఎలా?

వైఫై ద్వారా స్టేషన్లు వినిపించే ఇంటర్నెట్ రేడియో ఆగిపోతే చూపున్న మనిషి దాని తెర వంక చూస్తాడు. వైఫై తెగిందా, స్టేషన్ దొరకలేదా, ఇంకా లోడవుతోందా అన్నది అక్కడ రాసి ఉంటుంది. చూపులేని శ్రోతకు ఇవన్నీ ఒకలాగే వినిపిస్తాయి. పాస్‌వర్డ్ మారినా, రూటర్ మొరాయించినా, స్టేషన్ వాళ్ల సర్వర్ పడిపోయినా చెవికి అందేది అదే మౌనం. అందుకే రేడియో ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ధ్వని నాణ్యత కాదు. ఇది పలకనప్పుడు, ఎందుకు పలకడం లేదో చేత్తో తడిమి, చెవితో విని కనిపెట్టగలనా? ఈ ప్రశ్నకు అవునని జవాబు వస్తేనే మిగతావి ఆలోచించాలి.

ముందు రకం తేల్చుకోండి

చూపులేనివారి కోసమే తయారైన పరికరాల్లో మెనూ పైకి చదివి వినిపిస్తుంది. హ్యూమన్‌వేర్ కంపెనీ విక్టర్ రీడర్ స్ట్రీమ్ అలాంటిదే. అసలు అది పుస్తకాలు వినే యంత్రం, అందులోనే ఇంటర్నెట్ రేడియో కూడా ఉంటుంది. ఫోన్ కీప్యాడ్ లాంటి అంకెల బటన్లు, ప్రతి నొక్కుకూ మాట. ఇలాంటిది అందుబాటులో ఉంటే ఇక వెతుకులాట అక్కర్లేదు.

స్మార్ట్ స్పీకర్ రెండో దారి. నోటితో అడిగితే చాలు, తెరతో పని లేదు. అయితే స్టేషన్ పేరు ఇంకో భాషలో ఉన్నా, ఒకే పేరుతో నాలుగు స్టేషన్లున్నా అది ఒకటి అడిగితే ఇంకొకటి పెడుతుంది. అలాంటప్పుడు పేరు చివర ఏ డైరెక్టరీ (స్టేషన్ల జాబితా ఉంచే సేవ) నుంచి కావాలో కూడా చెప్పండి, ఉదాహరణకు ట్యూన్ఇన్ అని. అలెక్సాలో అయితే 'రొటీన్' (ఒక్క మాటతో పని నడిపించే ఏర్పాటు) తయారుచేసుకుని, దానికి తేలిగ్గా పలికే మాట ఒకటి పెట్టుకోవచ్చు. ఫోన్‌లోని యాప్‌లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ లేదా వాయిస్ఓవర్ సాయంతో ఒకసారి చేసుకుంటే సరిపోతుంది.

మూడోది, మార్కెట్లో అందరూ కొనే మామూలు ఇంటర్నెట్ రేడియో. ఇవి మాట్లాడవు. అయినా కొన్ని చాలా బాగా పనికొస్తాయి, కొన్ని అస్సలు పనికిరావు. తేడా తెలుసుకోవడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

చేతికి తీసుకుని పరీక్షించండి

కొనే ముందు ఒక్కసారైనా దాన్ని ముట్టుకునే వీలు చూసుకోండి. చూపున్నవారు మీ కోసం కొంటుంటే, కళ్లు మూసుకుని ఇవే పనులు చేసి చూడమనండి: ఆన్ చేయడం, వాల్యూమ్ తగ్గించడం, దాచుకున్న మూడో స్టేషన్‌కు వెళ్లడం, తిరిగి మొదటిదానికి రావడం, ఆపేయడం. ఇవి తెర చూడకుండా అయిపోతే మెనూ మాట్లాడకపోయినా రోజువారీ వాడకానికి ఇబ్బంది ఉండదు.

తడిమి చూడాల్సిన వాటిలో మొదటిది ప్రీసెట్ బటన్లు, అంటే దాచుకున్న స్టేషన్లను పిలిచే బటన్లు. స్టేషన్‌కు ఒక బటన్ చొప్పున విడివిడిగా ఉన్నాయా, లేక ఒకే 'ప్రీసెట్' బటన్ నొక్కితే తెర మీద జాబితా తెరుచుకుంటుందా? రెండో రకం మనకు వద్దు. అలాగే టచ్ ప్యానెల్ ఉన్నవి కూడా వద్దు. నున్నటి గాజు మీద బటన్ ఎక్కడుందో వేలితో వెతకడమే దానికి నొక్కినట్టు లెక్క. వెతుకుతుండగానే మూడు పనులు జరిగిపోతాయి, ఏం జరిగిందో మీకు తెలియదు.

తిప్పే నాబ్ ఉంటే ఒక్కో మెట్టుకూ 'టిక్' అని వేలికి తగులుతోందో లేదో చూడండి. తగిలితే మెనూలో ఎన్ని మెట్లు తిప్పాలో లెక్కపెట్టుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి: ప్లగ్ తీసి మళ్లీ పెడితే చివర విన్న స్టేషన్ దగ్గరికే వస్తుందా, లేక మెనూలో ఆగిపోతుందా? కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇది ఎదురవుతుంది.

రేడియో కొనకముందే దాని వాడుక పుస్తకాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకుని స్క్రీన్ రీడర్‌తో (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) చదవండి. చాలా రేడియోలకు ఫోన్ యాప్ కూడా ఉంటుంది. ఫ్రాంటియర్ అనే సంస్థ చిప్ వాడే ఎన్నో బ్రాండ్ల రేడియోలను అన్‌డాక్ అనే యాప్‌తో నడపవచ్చు. యాప్‌లోని బటన్లకు స్క్రీన్ రీడర్ పేర్లు చదువుతోందా, ఉత్తినే 'బటన్, బటన్' అంటోందా అన్నది ముందే విని తెలుసుకోండి.

స్టేషన్ల జాబితా ఎవరి చేతిలో ఉంది?

రేడియోలో వేల స్టేషన్లు ఉన్నట్టు అనిపిస్తుంది గానీ అవేవీ దాని లోపల ఉండవు. ఎక్కడో ఉన్న డైరెక్టరీ సర్వర్‌ను అడిగి, స్టేషన్ ప్రసారం దొరికే ఇంటర్నెట్ చిరునామా తెచ్చుకుని, ఆపైన స్టేషన్‌కు కలుస్తుంది. ఆ డైరెక్టరీ మూతపడితే రేడియో బాగానే ఉన్నా ప్రయోజనం ఉండదు. రెసివా అనే డైరెక్టరీ 2021లో మూతపడినప్పుడు దాని మీద ఆధారపడ్డ సెట్లకు అదే గతి పట్టింది. 2019లో ఫ్రాంటియర్ సంస్థ వీట్యూనర్ డైరెక్టరీ నుంచి ఎయిరబుల్ డైరెక్టరీకి మారినప్పుడు చాలామంది దాచుకున్న స్టేషన్లు పోయాయి. 2023లో బీబీసీ షౌట్‌కాస్ట్ అనే పాత పద్ధతి స్ట్రీములను (ఇంటర్నెట్ ప్రసారాలను) ఆపేసినప్పుడు కొత్త పద్ధతి రాని పాత రేడియోల్లో ఆ స్టేషన్లు ఆగిపోయాయి.

కాబట్టి అమ్మేవారిని రెండు మాటలు అడగండి. ఇది ఏ డైరెక్టరీ వాడుతుంది? స్ట్రీమ్ చిరునామాను నేనే సొంతంగా చేర్చుకునే వీలుందా? రెండోదానికి 'ఉంది' అన్న రేడియో ఎక్కువ కాలం పనికొస్తుంది.

ఇంటికి తెచ్చాక

వైఫై పాస్‌వర్డ్ ఎక్కించడమే అన్నిటికన్నా కష్టమైన పని. తెర మీద అక్షరాల వరుస, నాబ్ తిప్పుతూ ఒక్కొక్కటే ఎంచుకోవాలి, ఎంచుకున్నది ఏదో వినపడదు. దీన్ని తప్పించుకునే దారులు ఉన్నాయి. సెటప్ సమయంలో రేడియో తనే ఒక చిన్న వైఫై తెరిచి ఫోన్ యాప్‌ను కలవనిస్తే, పాస్‌వర్డ్‌ను ఫోన్‌లోనే టైప్ చేయవచ్చు. అదే మేలైన పద్ధతి. లేదంటే డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ టైప్ చేయకుండా బటన్‌తో కలిపే పద్ధతి) వాడండి. రూటర్ మీద ఆ బటన్ నొక్కి, రెండు నిమిషాల లోపు రేడియోలోనూ అదే మొదలుపెడితే రెండూ కలుస్తాయి. రూటర్ భద్రతను డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతలో కొత్త పద్ధతి) మాత్రమే అని అమర్చి ఉంటే డబ్ల్యూపీఎస్ పనిచేయదు. దానికి ముందు పద్ధతి డబ్ల్యూపీఏ2 కూడా కలిసిన అమరికకు మార్చాలి. చాలా రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి.

తర్వాత ప్రీసెట్లు. ఒకటో బటన్‌లో ఎప్పుడూ ఆగని, మీకు బాగా నమ్మకమున్న స్టేషన్ పెట్టండి. రెండో బటన్‌లో దానితో ఏ సంబంధమూ లేని వేరే సంస్థ స్టేషన్. ఇవి వినడానికే కాదు, రేపు రేడియో ఆగినప్పుడు పరీక్షకు కూడా. మిగతావి మీ ఇష్టం. అమెరికన్ కౌన్సిల్ ఆఫ్ ది బ్లైండ్ నడిపే ఏసీబీ మీడియా లాంటివి చూపులేనివారి కోసమే ఉన్న స్టేషన్లు, ఒక బటన్ దానికి కేటాయించుకోవచ్చు.

ఉబ్బెత్తు చుక్కల స్టిక్కర్లు రెండు మూడు బటన్లకే అంటించండి, ముఖ్యంగా పవర్ బటన్‌కు, ఒకటో ప్రీసెట్‌కు. అన్నిటికీ అంటిస్తే వేలికి ఏది ఏదో తెలియదు. చూపున్నవారు పక్కనుండగా మెనూ అంతా ఒకసారి నడిచి, 'మెనూ, కుడికి మూడు మెట్లు, నొక్కు' అంటూ ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకోండి.

మూగబోయినప్పుడు

ఒకసారి నా రేడియోలో రోజూ వినే స్టేషన్ రాలేదు. తొందరపడి ఫ్యాక్టరీ రీసెట్ చేశాను. పాస్‌వర్డ్ పోయింది, పది ప్రీసెట్లూ పోయాయి. తీరా చూస్తే స్టేషన్ వాళ్లు చిరునామా మార్చుకున్నారు, రేడియోలో ఏ తప్పూ లేదు. అప్పటినుంచి కింది వరుస దాటి అడుగు వేయను.

1. రేడియోలో ఎఫ్ఎం కూడా ఉంటే ఆ మోడ్‌కు మార్చండి. స్టేషన్ వచ్చినా, ఉత్త 'స్‌స్‌స్' మన్నా సంతోషమే. కరెంటు అందుతోందని, స్పీకర్ బాగుందని, వాల్యూమ్ సున్నాలో లేదని ఒక్క శబ్దంతో తేలిపోతుంది. ఎఫ్ఎం లేకపోతే బ్లూటూత్‌లో ఫోన్ నుంచి ఏదైనా వినిపించి చూడండి. ఏమీ రాకపోతే ప్లగ్, హెడ్‌ఫోన్ రంధ్రంలో ఏమైనా గుచ్చి ఉందా అన్నవి తడమండి.

2. ఒకటో ప్రీసెట్ నొక్కి అర నిమిషం ఆగండి. ఆపైన రెండోది. ఒకటి పలికి ఒకటి పలకకపోతే రేడియోనూ వైఫైనీ వదిలేయండి, తప్పు స్టేషన్‌దే.

3. రెండూ పలకకపోతే ఫోన్ తీసుకుని, మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీదే ఏదైనా స్టేషన్ పెట్టండి. డేటా ఆపడం మరవకండి. లేకపోతే వైఫై చచ్చినా ఫోన్ పాడుతూనే ఉంటుంది, మీరు తప్పుదారి పడతారు.

4. ఫోన్‌లోనూ రాకపోతే రూటర్ ప్లగ్ తీసి అర నిమిషం ఆగి పెట్టండి. అది తేరుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. తర్వాతే రేడియో ప్లగ్ కూడా తీసి పెట్టండి. రేడియో పవర్ బటన్ నొక్కితే చాలావాటిలో అది నిద్రపోతుందే తప్ప నిజంగా ఆగదు, అందుకే ప్లగ్ తీయాలి.

5. ఫోన్‌లో వస్తూ రేడియోలో రాకపోతే ఈ పని చేయండి. రూటర్ ఆపేసి, ఇంకో ఫోన్‌లో హాట్‌స్పాట్ తెరిచి, దానికి మీ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెట్టండి. రేడియో దాన్నే ఇంటి వైఫై అనుకుని తనంతట తనే కలుస్తుంది, నాబ్ తిప్పి ఏమీ ఎక్కించనక్కర్లేదు. హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి. ఐఫోన్‌లో అయితే ఎక్కువ పరికరాలకు సరిపడేలా చేసే 'మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ' అమరిక ఆన్ చేయాలి. ఇప్పుడు పలికితే తప్పు రూటర్‌ది. రూటర్ మార్చినప్పుడు కూడా కొత్తదానికి పాత పేరూ పాత పాస్‌వర్డూ పెడితే రేడియోను ముట్టుకోకుండానే పని అయిపోతుంది.

6. హాట్‌స్పాట్ మీద కూడా ఏ ప్రీసెట్టూ రాకపోతే డైరెక్టరీ మీద అనుమానపడాలి. సొంతంగా చేర్చుకున్న చిరునామా ఏదైనా ఉంటే దాన్ని ప్రయత్నించండి. అది పలికి, జాబితాలోవి పలకకపోతే అనుమానం నిజమయ్యే అవకాశం ఎక్కువ. ఇదే మోడల్ వాడుతున్న ఇంకొకరిని అడిగితే ఇట్టే తేలుతుంది.

తెర చదవక తప్పని పరిస్థితి వస్తే 2015లో మొదలైన బీ మై ఐస్ యాప్‌లో చూపున్న వాలంటీర్‌ను వీడియో కాల్‌లో పిలవవచ్చు. మైక్రోసాఫ్ట్ సీయింగ్ ఏఐ కూడా అక్షరాలు చదువుతుంది. రేడియో తెర కాసేపటికి మసకబారిపోతుంది కాబట్టి, కెమెరా పెట్టబోయే ముందు ఏదో ఒక బటన్ నొక్కి వెలిగించండి. ఫ్లాష్ ఆపేయండి, గాజు మీద మెరుపు పడితే ఏదీ చదవదు.

ఒక్క స్టేషనే రాకపోతే

ఆ స్టేషన్ వెబ్‌సైట్‌లో నేరుగా విని చూడండి. అక్కడ వస్తోందంటే చిరునామా మారి ఉండవచ్చు, లేదా పాత రేడియోకు రాని పద్ధతికి స్టేషన్ మారి ఉండవచ్చు. హెచ్‌టీటీపీఎస్ అని మొదలయ్యే (భద్రత ఉన్న) చిరునామాలను చాలా పాత సెట్లు తెరవలేవు. డైరెక్టరీలో అదే స్టేషన్ ఇంకో పేరుతోనో, తక్కువ నాణ్యతతోనో మళ్లీ ఉండవచ్చు, దాన్ని వెతికి ప్రీసెట్‌లో పెట్టుకోండి. కొన్ని స్టేషన్లు తమ దేశం బయటికి ప్రసారం ఇవ్వవు, దానికి మీ రేడియోలో చేయగలిగింది ఏమీ లేదు.

ఆగి ఆగి వస్తుంటే అది వేరే జబ్బు. చాలాసార్లు వైఫై బలం చాలకపోవడమే కారణం. రేడియోను మైక్రోవేవ్ ఓవెన్‌కు, ఇనప బీరువాకు దూరంగా జరపండి. అప్పటికీ ఆగుతుంటే తక్కువ నాణ్యత స్ట్రీమ్ పెట్టుకోండి: 128 కేబీపీఎస్ (సెకనుకు వచ్చే డేటా కొలత) స్ట్రీమ్ గంటకు సుమారు 58 ఎంబీ లాగుతుంది, 64 అయితే అందులో సగం. మాటల కార్యక్రమాలకు 64 సరిపోతుంది.

కంప్యూటర్‌లో ఒక నకలు

రేడియో ఎంత మంచిదైనా ప్రీసెట్లన్నీ దానిలోనే ఉంచకండి. విండోస్‌లో ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏతో పాటు వీఎల్‌సీ అనే ప్లేయర్ పెట్టుకుంటే, కంట్రోల్ ఎన్ నొక్కి స్ట్రీమ్ చిరునామా అతికించి వినవచ్చు. ఫూబార్2000 అనే ప్లేయర్‌లో అయితే కంట్రోల్ యు. స్టేషన్లు తమ స్ట్రీమ్ చిరునామాతో ఇచ్చే ఎం3యూ, పీఎల్ఎస్ ఫైళ్లు ఉత్త టెక్స్ట్ ఫైళ్లే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల హెచ్‌టీటీపీ అనే లైనులో అసలు చిరునామా దొరుకుతుంది. ఆ ఫైళ్లకు స్టేషన్ల పేర్లు పెట్టి ఒక ఫోల్డర్‌లో దాచండి. బాణం కీతో పేరు విని ఎంటర్ నొక్కితే స్టేషన్ మొదలవుతుంది.

ఈ ఫోల్డర్ సిద్ధంగా ఉన్నాక, పై మెట్లన్నీ దాటినా రేడియో పలకకపోతే, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్. ఎవరైనా తోడుండగా చేయండి, మొదట అడిగే భాష, గడియారం ప్రశ్నలు వాళ్లు చదివిపెడతారు. వైఫై కలవగానే ఒకటో బటన్‌లో మీ నమ్మకమైన స్టేషన్‌ను మళ్లీ పెట్టి, ప్లగ్ తీసి పెట్టి, అది తనంతట తానే పాడడం మొదలుపెట్టేదాకా ఆ తోడును పంపకండి.