మొదటి 200 కిలోమీటర్ల బ్రెవేకు సైకిల్‌ను సిద్ధం చేసుకునే పద్ధతి

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో తెల్లవారుజామున గుంపులుగా సైకిల్ తొక్కేవారిలో చాలామంది దృష్టి ఏదో ఒక రోజు బ్రెవే (నిర్ణీత గడువులో పూర్తి చేయవలసిన దూర సైకిల్ ప్రయాణం) వైపు మళ్లుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం, మన దేశంలో ఆడాక్స్ ఇండియా ర్యాండనీర్స్ ఆధ్వర్యంలో జరిగే ఈ దూర ప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు ఉంటుంది. ఎవరు ముందు చేరారన్న లెక్క ఇక్కడ లేదు. తిండి, విశ్రాంతి, పంక్చర్లు, దారి తప్పడాలు అన్నీ కలుపుకొని గంటకు దాదాపు 15 కిలోమీటర్ల సగటు నిలబెట్టుకుంటే చాలు. పరికరాల ఎంపిక మొత్తం ఈ ఒక్క అంకె చుట్టూ తిరగాలన్నది నా గట్టి అభిప్రాయం. వేగం పెంచే వస్తువు కంటే, పన్నెండు పదమూడు గంటల పాటు ఆగకుండా, ఒళ్లు నొప్పులు లేకుండా సాగనిచ్చే వస్తువు మీదే ముందుగా డబ్బు పెట్టాలి.

ఈ మాట ఎందుకు అంటున్నానంటే, కొత్తగా బ్రెవేకు పేరు నమోదు చేసుకున్నవారు మొదట అడిగే ప్రశ్న ఎక్కువగా బరువు గురించే ఉంటుంది. కార్బన్ ఫ్రేము కొనాలా, తేలికైన చక్రాలు వేయించాలా అని అడుగుతారు. మనిషి, సైకిల్, నీళ్లు, సామాను అన్నీ కలిపి 85 కిలోలు అనుకుందాం. అందులో ఒక కిలో తగ్గిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు పడే శ్రమ సుమారు 1.2 శాతం తగ్గుతుంది. గంటసేపు ఘాట్ ఎక్కితే మిగిలేది ముప్పావు నిమిషం కంటే తక్కువ, చదును దారిలో ఆ తేడా దాదాపు కనిపించదు. ఒక పంక్చరుకు పోయే సమయం పావుగంట. కాబట్టి నేను చెప్పే వరుస ఇది: టైర్లు, గేర్లు, సీటు కొలతలు, లైట్లు. మిగతావన్నీ వీటి తరువాతే.

టైర్ల విషయంలో కొంచెం ఓపికగా ఆలోచించాలి. దశాబ్దం కిందటి వరకు రోడ్డు సైకిళ్లకు 23 మిల్లీమీటర్ల వెడల్పు, 110 పీఎస్‌ఐ గాలి అనేవి మామూలుగా ఉండేవి. సన్నగా, రాయిలా గట్టిగా ఉంటే వేగంగా దొర్లుతుందన్న నమ్మకం దీనికి ఆధారం. అద్దంలా నున్నని రోడ్డు మీద అది కొంతవరకు నిజమే. కానీ అతుకులు, గరుకు తారు, స్పీడు బ్రేకర్లు నిండిన మన రాష్ట్ర రహదారుల మీద గట్టి టైరు ప్రతి గతుకుకూ సైకిల్‌నూ మనిషినీ పైకి ఎగరేస్తుంది, ముందుకు సాగడానికి వాడవలసిన శక్తి ఆ కుదుపుల్లో వృథా అవుతుంది. అందుకే 28 మిల్లీమీటర్లు కనీసంగా పెట్టుకోవాలని, ఫ్రేములో చోటు ఉంటే 32కు వెళ్లాలని నా సలహా. చోటు ఉందో లేదో కొనకముందే చూసుకోవాలి. టైరుకూ ఫోర్కుకూ మధ్య, టైరుకూ బ్రేకుకూ మధ్య కనీసం నాలుగు మిల్లీమీటర్ల సందు మిగలాలి, లేకపోతే వానాకాలంలో బురద అంటుకుని చక్రం రాసుకుంటుంది. రిమ్మును రెండు వైపులా నొక్కే పాత క్యాలిపర్ బ్రేకుల సైకిళ్లలో చాలావాటికి 25 లేదా 28 దాటి పట్టవు, డిస్క్ బ్రేకులవాటిలో సాధారణంగా 32 సులువుగా పడుతుంది.

టైరు పక్కన ముద్రించిన అంకెల్లో 28-622 వంటి జంటను చూసి కొనడం అన్నిటికన్నా క్షేమం. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే ఉంటాయి. 700సీ అన్నా, 29 అంగుళాలు అన్నా ఆ రెండో అంకె 622. 27.5 అంగుళాలకు అది 584, పాత 26 అంగుళాల మౌంటెన్ సైకిళ్లకు 559. ఈ రెండో అంకె కలవకపోతే ఆ టైరు మీ రిమ్ముకు పనికిరాదు.

గాలి ఎంత కొట్టాలన్నదానికి టైరు మీద ముద్రించిన గరిష్ఠ అంకె జవాబు కాదు, అది దాటకూడని హద్దు మాత్రమే. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు టైరు ఎత్తులో సుమారు 15 శాతం కుంగేలా ఉంచడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. 28 మిల్లీమీటర్ల టైరుకు అది నాలుగు మిల్లీమీటర్ల చొప్పున వస్తుంది. 75 కిలోల మనిషికి 28 టైరులో వెనక 75 నుంచి 80 పీఎస్‌ఐ, ముందు 70 చుట్టుపక్కల మొదలుపెట్టవచ్చు. 32 టైరులో వెనక 60 నుంచి 65, ముందు 55 నుంచి 60 సరిపోతాయి. వెనక చక్రం మీదే ఎక్కువ బరువు పడుతుంది గనుక రెండింటిలోనూ ఒకే గాలి ఉంచడం సరికాదు. చల్లటి వేళ 80 పీఎస్‌ఐ కొట్టిన టైరులోని గాలి మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే ఆ అంకె 90 దగ్గరికి చేరుతుంది. కాబట్టి ఎండాకాలంలో గరిష్ఠ హద్దుకు ఆనించి గాలి నింపకూడదు.

ఇక పంక్చర్ల సంగతి. పల్లె దారుల అంచుల్లో సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఉంటాయని అందరికీ తెలుసు. జాతీయ రహదారి మీద మాత్రం అసలు శత్రువు వేరే. పేలిన లారీ టైర్ల ముక్కలు రోడ్డు అంచున చెల్లాచెదురై పడి ఉంటాయి. వాటిలోంచి ఊడివచ్చిన వెంట్రుకంత సన్నని ఉక్కు తీగలు టైరులోకి మెల్లగా దిగుతాయి. ట్యూబు మార్చి గాలి కొట్టి బయలుదేరిన పది నిమిషాలకే మళ్లీ గాలి దిగిపోయిందంటే దాదాపు ఎప్పుడూ ఆ తీగ టైరులోనే ఉండిపోయినట్టు. దీనికి మంచి పద్ధతి ఒకటుంది. టైరు ఎక్కించేటప్పుడే దాని మీది కంపెనీ పేరు సరిగ్గా వాల్వు పక్కనే వచ్చేలా అమర్చుకోవాలి. పంక్చరైనప్పుడు ట్యూబును బయటికి తీసి కొద్దిగా గాలి కొట్టి, చిల్లు వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, టైరు మీద పేరు నుంచి అంతే దూరంలో వెతకాలి. ట్యూబును తిరగేసి పట్టుకునే అవకాశం ఉంది కాబట్టి పేరుకు రెండు వైపులా చూడాలి. అక్కడ టైరు లోపలి వైపు దూది ముక్కతో లేదా పాత గుడ్డతో మెల్లగా తుడిస్తే తీగ ఉన్నచోట పోగు పట్టుకుంటుంది. వేలితో తడిమితే గుచ్చుకునేది నువ్వుగింజ పాటి మొన మాత్రమే, గోళ్లతో అది ఊడిరాదు. అందుకే చిన్న పట్టకారు లేదా గోళ్ల కత్తెర ఒకటి సంచిలో ఉండాలి.

చిల్లు ఉన్న చోటే కారణాన్ని చెబుతుంది. ట్యూబుకు పక్కపక్కనే రెండు చిన్న చీలికలు ఉంటే గాలి తక్కువై గుంతలో ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగిందని అర్థం. రిమ్ము వైపు చిల్లు ఉంటే ఎంత మంచి టైరు వేసినా లాభం లేదు, రిమ్ము టేపు జరిగిందో చిరిగిందో చూసుకోవాలి. టైరు ఎంపికలో గేటర్‌స్కిన్, మారథాన్ వంటి లోపల రక్షణ పొర ఉన్నవి బ్రెవేకు తగినవి. మారథాన్ ప్లస్ మరీ మందం, ముళ్ల నుంచి కాపాడుతుంది గాని బరువు, బిగువు ఎక్కువ. 200 కిలోమీటర్లకు నేనైతే మధ్యస్థంగా ఉన్నదాన్నే ఎంచుకుంటాను.

ఊళ్లలోని పంక్చరు షాపుల్లో మామూలు సైకిళ్ల ట్యూబులకు, మోటారు బండ్లకు గాలి కొట్టే ఏర్పాట్లు ఉంటాయి గాని, రోడ్డు సైకిళ్ల సన్నని ప్రెస్టా వాల్వుకు తగిన మూతి ఉండదు. అందువల్ల సొంత పంపుతో పాటు ఒక ఇత్తడి అడాప్టరు తప్పక దగ్గర ఉంచుకోవాలి. అది తగిలిస్తే మోటారు బండ్లకు గాలి కొట్టే గొట్టంతోనే పెట్రోలు బంకులోనూ నింపుకోవచ్చు.

గేర్ల విషయంలో ప్రశ్న ఒక్కటే: కాళ్లు అలసిపోయిన తరువాత, 150వ కిలోమీటరు దగ్గర ఎదురయ్యే ఎత్తును కూర్చునే తొక్కగలమా? దీన్ని కొనే ముందే లెక్కగట్టవచ్చు. ముందు చిన్న పళ్ల చక్రం 34, వెనక పెద్దది 28 అయితే పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు చక్రం 1.21 చుట్లు తిరుగుతుంది. 28 టైరు చుట్టుకొలత సుమారు 2.14 మీటర్లు కాబట్టి సైకిల్ 2.6 మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 60 చుట్ల చొప్పున తొక్కితే అది గంటకు 9.3 కిలోమీటర్లు. ఎత్తులో మీ వేగం అంతకన్నా పడిపోయేటట్లయితే పెడలు మరీ నెమ్మదిగా, బలవంతంగా తిరుగుతుంది, ఆ భారమంతా మోకాళ్లే మోయాలి. వెనక 32 వేస్తే అదే వేగం 8.2కు, 34 వేస్తే 7.7కు దిగుతుంది. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల వంటి చిన్న ఎత్తులకు 28 సరిపోవచ్చు. నల్లమలలో శ్రీశైలం ఘాట్, శృంగవరపుకోట నుంచి అరకుకు ఎక్కే దారి వంటివి ఉంటే 32 లేదా 34 వేసుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మార్చే ముందు వెనక డీరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) ఎన్ని పళ్ల వరకు పట్టగలదో మెకానిక్‌ను అడగాలి. పొట్టి చేయి ఉన్నవి చాలావరకు 28 లేదా 30 దగ్గరే ఆగిపోతాయి. పళ్లు పెరిగితే చైను కూడా పొడవైనది వేయించాలి. షిమానో గేర్ల సెట్లలో చవకైన క్లారిస్‌కూ ఖరీదైన 105కూ మధ్య తేడా గేరు పడే సున్నితత్వంలో, బరువులో కనిపిస్తుంది గాని, ఎత్తు ఎక్కించేది మాత్రం పళ్ల సంఖ్యే.

సీటు ఎత్తుకు మొదటి కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటులా పైకి నొక్కి పట్టుకుని, దాని పై అంచు నుంచి నేల వరకు కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడలు చేతులు (క్రాంకులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం వరకు ఉండవలసిన ఎత్తు వస్తుంది. 80 సెంటీమీటర్లయితే 70.6 అన్నమాట. ఇది ఆరంభం మాత్రమే. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తే సీటు తక్కువగా ఉందని, వెనక నొప్పి వస్తే ఎక్కువగా ఉందని మొదట అనుమానించి, ఒక్కోసారి మూడు నాలుగు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ కదపకుండా సరిచేయాలి. సీటు మెత్తగా ఉంటే సుఖమనే భావన గంటసేపటి తొక్కుడుకు సరిపోతుంది, రోజంతటికీ కాదు. మెత్తటి జెల్ కవరులో ఎముకలు కూరుకుపోయి మధ్యలోని మెత్తని భాగం మీద ఒత్తిడి పడి తిమ్మిరి ఎక్కుతుంది. గట్టి కుర్చీ మీద ముడతల అట్టముక్క వేసుకుని కాసేపు కూర్చుంటే పిరుదుల ఎముకలు రెండు గుంటలు చేస్తాయి. వాటి మధ్య దూరానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపిన వెడల్పు ఉన్న సీటును వెతకాలి. కొత్త కొలతలను పరీక్షించడానికి హైదరాబాద్‌వాసులకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ చాలా అనువైనది. బండ్ల భయం లేకుండా ఆగి, బిగించి, మళ్లీ తొక్కవచ్చు.

బూట్లు లాక్ అయ్యే పెడళ్లు తప్పనిసరి ఏమీ కాదు. తీసుకుంటే రెండు బోల్టుల ఎస్‌పీడీ రకం తీసుకోవాలి, టీ కొట్టు దగ్గర దిగి నడవడానికి అది వీలిస్తుంది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల వేరే లోదుస్తులు వేసుకోకూడదు. నీళ్లకు రెండు 750 మిల్లీలీటర్ల సీసాలు, కొన్ని ఓఆర్ఎస్ పొట్లాలు చాలు.

హెల్మెట్, రిఫ్లెక్టివ్ జాకెట్, ముందు వెనక లైట్లు లేకుండా బ్రెవేకు రాకూడదు. లైటు కొనేటప్పుడు డబ్బా మీది ల్యూమెన్ల కన్నా, ఏ స్థాయి వెలుగులో ఎన్ని గంటలు వెలుగుతుందో చూడాలి. వీధి దీపాలు లేని రోడ్డు మీద 300 నుంచి 400 ల్యూమెన్ల వెలుగు గంటకు ఇరవై పాతిక కిలోమీటర్ల వేగానికి సరిపోతుంది, అంతకన్నా ముఖ్యం ఆ వెలుగు ఎదుటివారి కళ్లలో పడకుండా రోడ్డు మీదే పడటం. వెనక లైటును మినుకుమినుకుమనేలా కాక నిలకడగా వెలిగేలా ఉంచాలి, దూరాన్ని అంచనా వేయడం వెనక వచ్చే లారీ డ్రైవరుకు అప్పుడే సులువవుతుంది. 400, 600 వరకు వెళ్లాలనే ఆలోచన ఉన్నవారు ముందు చక్రానికి డైనమో హబ్ (చక్రం తిరుగుతుంటే లైటుకు కరెంటు ఇచ్చే ఇరుసు భాగం) గురించి ఇప్పుడే ఆలోచించుకోవచ్చు. ఛార్జింగ్ చింత పోతుంది గాని కొత్తగా చక్రం కట్టించాలి.

చివరగా చైను. బయలుదేరడానికి రెండు వారాల ముందు ఉక్కు స్కేలుతో కొలవాలి. చైనులో ఒక పిన్ను మధ్యకు సున్నా ఆనించి చూస్తే 12 అంగుళాల దగ్గర మరో పిన్ను సరిగ్గా మధ్యకు రావాలి. అది అంగుళంలో పదహారో వంతు దాటి జరిగిందంటే చైను అరశాతం సాగినట్టు, అప్పుడే మార్చేస్తే వెనక పళ్లు బతుకుతాయి. ఎనిమిదో వంతు జరిగేదాకా వాడితే కొత్త చైను పాత పళ్ల మీద జారుతుంది, రెండూ కొనవలసి వస్తుంది. నూనె వేశాక పైపైన గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే దుమ్ము పట్టి అదే ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. సంచిలో రెండు ట్యూబులు, ప్యాచ్ కిట్టు, టైరు లీవర్లు, 4, 5, 6 మిల్లీమీటర్ల అలెన్ కీలు, చైను కటింగ్ టూల్ ఉండాలి. తెగిన చైనును తిరిగి కలిపే క్విక్ లింక్ మాత్రం మీ వెనక గేర్ల సంఖ్యకు తగినదే కావాలి. ఎనిమిది గేర్ల లింక్ పది గేర్ల చైనుకు సరిగా కూర్చోదు గనుక, ఇంట్లోనే ఒకసారి పాత చైను ముక్కకు తగిలించి, విప్పి చూసుకున్నాకే సంచిలో వేసుకోవాలి.