అందరి స్కీ గుడిసె కడదాం, 3వ పాఠం: ఒక రాత్రికి ఎన్ని కిలోల కట్టెలు?

పోయిన పాఠంలో గాలి ఎటు నుంచి కొడుతుందో చూసుకుని తలుపు చోటు ఖాయం చేశాం, గాలికి ఎదురుగా వద్దు, వెనక అసలే వద్దు, అక్కడే మంచు దిబ్బ పేరుకుంటుంది కాబట్టి పక్క గోడకి పెట్టి లోపలికి తెరుచుకునేలా చేశాం, గుర్తుంది కదా. ఈసారి లోపలికెళ్దాం. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

మన గుడిసె ఎక్కడంటే ఫిన్లాండ్ పైకొసన, కిల్పిస్‌యార్వి నుంచి హల్తి కొండకి పోయే దారిలో. హల్తి 1324 మీటర్లు, ఆ దేశంలో అదే ఎత్తైన చోటు. ఆ దారి పొడుగునా ఔతియోతుపాలు ఉంటాయి, అంటే తాళం, అద్దె లేకుండా ఎవరొచ్చినా తలదాచుకునే గుడిసెలు. వాటికి ఒక పాత మర్యాద ఉంది, ఆఖర్న వచ్చినవాళ్ళదే మొదటి హక్కు, ముందొచ్చి కాళ్ళు చాపుకున్నవాళ్ళు జరిగి చోటివ్వాలి. వినడానికి బావుంది గానీ డిజైన్ చేసేవాడికి ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే ఈ రాత్రి ఒక్కడొస్తాడో పదిమంది వస్తారో మనకి తెలీదు, గుడిసె రెండిటికీ తట్టుకోవాలి.

సరే, లెక్క. గుడిసె 6 మీటర్లు బై 5, ఎత్తు 2.4. నాలుగు గోడలు, కప్పు, నేల కలిపితే సుమారు 113 చదరపు మీటర్లు (కిటికీలు ఇప్పుడే వద్దు). 20 సెంటీమీటర్ల ఇన్సులేషన్ వేస్తే ఒక చదరపు మీటరు నుంచి ఒక్కో డిగ్రీ తేడాకి దాదాపు 0.2 వాట్లు బయటికి పోతాయి, దీన్నే యూ-వాల్యూ అంటారు. బయట మైనస్ 25, లోపల 15, తేడా 40. 113ని 0.2తో, మళ్ళీ 40తో గుణిస్తే దగ్గర దగ్గర 900 వాట్లు. అంతేనా అనిపిస్తుంది, అసలు దెబ్బ గాలి దగ్గరుంది.

మనిషికి సెకనుకి 4 లీటర్ల తాజా గాలి అనుకుందాం, పదిమందికి 40 లీటర్లు. అంత గాలిని మైనస్ 25 నుంచి 15కి తేవాలంటే ఇంకో 2080 వాట్లు కావాలి. మొత్తం 3 కిలోవాట్లు. పడుకున్న మనిషి ఒంట్లోంచి ఓ 80 వాట్లు వస్తాయి, పదిమందివి 800 తీసేస్తే పొయ్యి ఇవ్వాల్సింది 2.2 కిలోవాట్లు, పది గంటలకి 22 యూనిట్లు. బాగా ఎండిన బర్చ్ కట్టె కిలోకి 4 యూనిట్లు, పొయ్యిలో 70 శాతమే మన చేతికొస్తుంది అనుకుంటే 2.8. అంటే సుమారు 8 కిలోలు.

ఇప్పుడు ఒక్కడే ఉన్న రాత్రికి వేయండి, గాలి పదో వంతుకి తగ్గించినా గోడల 900 అలాగే ఉంటుంది. 3.7 కిలోలు వస్తుంది. పదిమందిలో తలకి 0.8, ఒంటరిగా 3.7! అందుకే జరిగి చోటివ్వమన్న ఆ మర్యాద కట్టెల లెక్కలో కూడా కరెక్టే, పైగా ఈ కట్టెలన్నీ స్నోమొబైల్ వెనక బండి కట్టి మోసుకొచ్చినవి. ఇన్సులేషన్ సగానికి తగ్గించి 10 సెంటీమీటర్లు వేశారనుకోండి, రాత్రికి ఇంకో 3.2 కిలోలు, వంద రాత్రులకి 320 కిలోలు, అంత మోత ఏటా.

ఒకటి మాత్రం చెప్పాలి, ఈ లెక్క అప్పటికే వేడెక్కిన గుడిసెకి. గడ్డకట్టిన గోడల్ని మొదట వేడి చేయడానికి ఇంకా పడుతుంది. అప్పుడే కొట్టిన పచ్చి బర్చ్‌లో బరువులో సగం దాకా నీళ్ళే కాబట్టి కట్టెల కొట్టం నేలకి ఆనకుండా, గాలి అటూ ఇటూ పోయేలా ఉండాలి.

గుడిసె నిండితే వేడి సమస్య కాదు, తడి సమస్య. నిద్రపోయే మనిషి గంటకి 40 గ్రాముల నీటి ఆవిరి వదులుతాడు అనుకున్నా పదిమందికి రాత్రంతా 4 లీటర్లు, తడి సాక్సులు దీనికి అదనం. ఆ ఆవిరి గోడలోకి దూరితే లోపలే గడ్డకట్టి ఇన్సులేషన్ పాడవుతుంది, కాబట్టి ఆవిరిని ఆపే షీటు వెచ్చని వైపే, అంటే లోపలి చెక్కకి వెనకే వేయాలి, అతుకులు టేప్ చేయాలి. తలుపు దగ్గర వేడి లేని చిన్న వసారా కూడా కావాలి, బట్టల మీది మంచు అక్కడే దులిపేస్తారు. నా మొదటి డ్రాయింగ్‌లో చోటు వేస్ట్ అని వసారా తీసేశా, తర్వాత చూస్తే తలుపు తీసిన ప్రతిసారీ చలి నేరుగా మంచాల మీదికే!

తాజా గాలి పొయ్యి కింద నుంచి రావాలి, పాత గాలి కప్పు దగ్గర నుంచి పోవాలి, రెండూ పూర్తిగా మూసుకునేలా పెట్టొద్దు. నిప్పులు ఇంకా ఎర్రగా ఉండగా పొగగొట్టం మూస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే చంపుతుంది, బ్యాటరీ అలారం తప్పనిసరి.

ఇంటి పని: గోడలో 2 చదరపు మీటర్ల కిటికీ పెట్టండి, యూ-వాల్యూ 1.0. గోడ తీసేసిన చోటు కూడా తగ్గించి లెక్క వేస్తే 64 వాట్లు ఎక్కువ రావాలి. 80 వచ్చిందంటే ఆ తీసేసిన గోడని మీరు తగ్గించలేదు. వచ్చే పాఠంలో మరుగుదొడ్డి, మైనస్ 25లో ఏదీ కుళ్ళదు కాబట్టి అది వేరే కథ.