క్యాన్సర్‌తో ఉన్నప్పుడు తోటివారిని వెతుక్కోవడం, రాసుకోవడం ఎలా?

హన్మకొండలో మా గల్లీవాళ్లు దాని పేరు పలకరు. 'పెద్ద జబ్బు' అంటారు, అదీ గొంతు తగ్గించి. నాకు రొమ్ము క్యాన్సర్ అని తేలిన నెలలో ధైర్యం చెప్పడానికి ఇంటినిండా జనం వచ్చారు. 'నాకూ ఇట్లాగే అయింది' అన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అలాంటి మనిషిని వెతుక్కోవడం ఎలాగో, మీదికొచ్చింది రాసుకోవడం ఎలాగో నాకు తెలిసినంత చెబుతాను.

మొదట మీ జబ్బు వివరం కాగితం మీద పెట్టండి. ఏ అవయవం, ఏ రకం, ఎన్నో స్టేజీ, ఏ మందులు. రిపోర్టు చూపించి డాక్టర్ నోటితోనే చెప్పించుకోండి. రొమ్ము క్యాన్సర్‌లోనే హార్మోన్‌తో పెరిగేది, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్నది, ఈ రెండూ లేని ట్రిపుల్ నెగటివ్ అని తేడాలున్నాయి, చికిత్సలూ వేరు. ఇది తెలియకుండా గ్రూపులో చేరితే ఎవరి కథ చదివినా మన కథే అనిపించి టెన్షన్ పడతాం.

తర్వాత మనిషి. ఫోన్‌లో వెతికే ముందు కీమో వార్డులో పక్క కుర్చీ వైపు చూడండి. మావైపు నుంచి చాలామంది హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్తుంటారు. నాకు దొరికిన అక్క, కాజీపేటలో ఎక్కిన రైల్లో ఎదురు సీటు. నా చేతి మీద నల్లబడ్డ నరాలు చూసి "ఎన్నోది?" అంది. "మూడోది" అన్నాను. అంతే, సికింద్రాబాద్ వచ్చేదాకా మాటలు ఆగలేదు. చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో ఛార్జీ మీద 100 శాతం, తోడొచ్చేవారికి 75 శాతం రాయితీ ఉంటుందనీ, ఆస్పత్రిలో ఫారం రాయించుకోవాలనీ ఆమే చెప్పింది. అప్పటిదాకా మేం పూర్తి టికెట్లే కొన్నాం.

ఆన్‌లైన్ గ్రూపుల్లో చేరితే రెండు వారాలు ఊరికే చదవండి. వాట్సాప్ గ్రూపులో మీ నంబర్ అందరికీ కనిపిస్తుంది, టెలిగ్రామ్‌లో దాచుకోవచ్చు. రిపోర్టు పెట్టాల్సివస్తే పేరు చెరిపేయండి. అన్నం ఎలా సయించింది, జుట్టు ఎప్పుడు మొలిచింది లాంటివి అడగండి. మందుల గురించి వద్దు. లక్ష్మణఫలం ఆకుల కషాయంతో క్యాన్సర్ పోతుందని ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. మనుషుల్లో అది రుజువు కాలేదు. కీమో తర్వాత 100.4 డిగ్రీల జ్వరం వస్తే గ్రూపులో అడుగుతూ కూర్చోకుండా, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

రాయడానికి పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. నేను పిల్లాడి పాత రఫ్ నోట్‌బుక్ తీసుకున్నా. కీమో ఎక్కిన రోజు ఒకటో రోజు, అక్కడి నుంచి లెక్క. "మూడో కీమో, ఐదో రోజు. నోట్లో తుప్పు రుచి. పచ్చిపులుసు ఒక్కటే సయించింది. అత్తమ్మ చేసిన కూర వాసనకే వాంతి. ఆమెకు చెప్పలేదు." ఇంతే. నాలుగో కీమోకల్లా ఐదో రోజే నా చెడ్డరోజని తెలిసిపోయింది. ఆ రోజు చుట్టాలను రావద్దనేదాన్ని. డాక్టర్‌ను అడగాల్సినవి చివరి పేజీ నుంచి వెనక్కి రాస్తూ రండి.

నలుగురికీ చూపించాలనిపిస్తే ఇంట్లో అడగండి. మా ఆడబిడ్డ కూతురికి సంబంధాలు చూస్తున్నారు. "ఇంటిపేరు మాత్రం రాయకు వదినా" అంది. కోపమొచ్చింది. అయినా పేరు మార్చాను.

ఒక సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. రైలు అక్కకు పంపిన మెసేజ్‌కు ఒకరోజు ఒకటే టిక్కు పడింది. రెండోది పడలేదు. ఆ వారం గ్రూపును మ్యూట్‌లో పెట్టాను. నోట్‌బుక్‌లో తేదీలు తప్ప ఏమీ లేవు. అలాంటి రాత్రుల్లో మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయొచ్చు. డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఎత్తుతారు.