మెడపట్టు వదిలిన నాలుగు రోజులు

నేను అకౌంట్స్ పని చేస్తాను. మార్చి 31 దాటేసరికి మెడ, భుజాలు కర్రల్లా బిగుసుకుపోయాయి. టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర లేదు. చివరికి నాలుగు రోజులు సెలవు పెట్టి తెనాలిలో అమ్మ దగ్గరికి వెళ్లాను.

అమ్మ నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి, మాడుకి అద్ది, మెడ నుంచి భుజాల చివరిదాకా బొటనవేళ్లతో మెల్లగా మర్దనా చేసేది. మరీ గట్టిగా నొక్కితే పట్టు ఇంకా పెరుగుతుందని ఆమె మాట. నాకూ అదే నిజమనిపించింది. అరగంట ఆగి సున్నిపిండితో నలుగు, కుంకుడుకాయ రసంతో తలంటు. మొదటిరోజు మధ్యాహ్నమే మూడు గంటలు నిద్రపోయాను. ఎన్నాళ్లయిందో అలా!

ఫోన్ మాత్రం బీరువాలో పెట్టేశాను. అది చేయకపోతే ఎంత నూనె రాసినా లాభం ఉండేది కాదు. చేతులు తిమ్మిరెక్కుతుంటే మాత్రం ముందు డాక్టరుకి చూపించుకోండి. నాకు అలాంటిదేమీ లేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం నేనే నూనె రాసుకుంటున్నాను.