వైద్య ప్రకటనలు చదవడం నేర్చుకుందాం – 3వ భాగం: నాటు, నకిలీ, ఆర్‌ఎంపీ

మందుల చీటీ ఎలా చదవాలో గత భాగంలో చూశాం. ఆ చీటీ రాసినవారికి ఆ అర్హత ఉందో లేదో పోల్చుకోవడం ఈ భాగంలో నేర్చుకుందాం. అందుకు ముందుగా మనం కలగాపులగంగా వాడే కొన్ని మాటలను విడదీసుకోవాలి.

నాటువైద్యుడు అన్నంత మాత్రాన మోసగాడు కాడు. పాడేరు, అరకు వైపు వేర్లతో, ఆకులతో వైద్యం చేసే పెద్దలు తాము ఎంబీబీఎస్ చదివామని చెప్పుకోరు. వారి మందు పనిచేస్తుందా లేదా అన్నది వేరే విచారణ. లేని పట్టాను ఉన్నట్టు చూపేవాడు నకిలీ వైద్యుడు. కుహనా వైద్యం అనే మాట మనిషిని గాక పద్ధతిని చెబుతుంది గనుక, నిఖార్సయిన పట్టా ఉన్న డాక్టరు ఆధారం లేని చికిత్సను అమ్మినా అది కుహనా వైద్యమే.

అసలు చిక్కు ఆర్‌ఎంపీ దగ్గర వస్తుంది. పూర్తి రూపం ప్రకారం రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే వైద్య మండలిలో పేరు నమోదైన డాక్టరు. మన వాడుకలో మాత్రం ఏ నమోదూ లేకుండా సూది వేసి, సెలైన్ ఎక్కించే వీధి వైద్యుడే ఆర్‌ఎంపీ. విశాఖలోని గాజువాకలోనో కంచరపాలెంలోనో అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే తలుపు తీసేది తరచు ఆయనే కాబట్టి జనం ఆయనను దొంగ డాక్టరు అనరు. నాకూ ఆ మాట అనడానికి నోరు రాదు. అయినా 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం, నమోదు లేకుండా ఆధునిక వైద్యం చేసేవారికి ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. పట్టా ఉన్నవారికీ హద్దు ఉంది: హోమియో డాక్టరు ఇచ్చిన అల్లోపతి మందులు వాడిన రోగి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 1996లో, తనకు తెలియని వైద్య విధానంలో చికిత్స చేసేవాడు కుహనా వైద్యుడేనని తేల్చింది.

ఇక సాధన. పూర్ణా మార్కెట్ దగ్గర మీ చేతిలో ఒక పసుపు కరపత్రం పెట్టారనుకోండి: "షుగర్, పక్షవాతం, కీళ్లనొప్పులకు వంశపారంపర్య వైద్యం. 100 శాతం గ్యారంటీ. ఆదివారం మాత్రమే." కింద ఒక లాడ్జి పేరు, గది నంబరు, సెల్ నంబరు; వైద్యుడి పూర్తి పేరు లేదు. షుగర్, పక్షవాతం నయం చేస్తామని ప్రకటించడమే 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం కింద నేరం. ఎత్తు పెంచుతామనడం కూడా ఆ నిషేధంలోనిదే. కీళ్లనొప్పుల దగ్గర ఇంకాస్త ఆగండి. పేరు లేని పొడి రెండు రోజుల్లో నొప్పిని మాయం చేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానించాలి. అది నెలల తరబడి లోపలికి వెళితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. కనుక ఇప్పటికే వాడుతున్నవారు పొట్లంతో సహా విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కో, తెలిసిన డాక్టరు దగ్గరికో వెళ్లడం మేలు.

వెనక పేజీలో "మాకు తగ్గింది" అనే సాక్ష్యాలు ఉంటాయి. వారు అబద్ధం ఆడుతున్నారని అనుకోనక్కరలేదు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఎ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. కుక్కకాటుకు పసరు తాగి బతికినవారిని కరిచిన కుక్కకు రేబిస్ ఉందో లేదో ఎవరూ చూడలేదు. రేబిస్ సోకినవారి విషయంలో, లక్షణాలు మొదలయ్యాక బతకడం అత్యంత అరుదు.

అభ్యాసం: మీ వీధిలోని ఒక క్లినిక్ బోర్డు చూడండి. 2002 నాటి నిబంధనల ప్రకారం ఎంబీబీఎస్ డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ చీటీ మీదా చూపాలి. ఆ పేరును జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని రిజిస్టరులో వెతకండి. ఆయుర్వేద, హోమియో డాక్టర్ల పేర్లు అందులో కనిపించకపోతే కంగారుపడవద్దు, వారి రిజిస్టర్లు వేరు. వాటిని వచ్చే భాగంలో చూద్దాం.