పరిశోధన నుంచి జీవో దాకా – 4వ పాఠం: ‘తర్వాత’ వేరు, ‘వల్ల’ వేరు

ఒక పరిశోధన వల్ల ఒక ప్రభుత్వ పథకం వచ్చిందని చూపించమన్న మూడో పాఠం అభ్యాసానికి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. ఎక్కువమంది ఒకే చోట తడబడ్డారు. పరిశోధన వచ్చిన ఏడు, పథకం వచ్చిన ఏడు పక్కపక్కన రాసి, మధ్యలో బాణం గీసి వదిలేశారు. ఇందులో నా తప్పూ ఉంది. పోయినసారి ఇచ్చిన విటమిన్ ఏ ఉదాహరణ మరీ సాఫీగా ఉంది: పిల్లలకు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇస్తే చూపు కాపాడొచ్చని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలో తేలింది, 1970లో జాతీయ కార్యక్రమం మొదలైంది. అన్నీ ఇలాగే నడుస్తాయనుకున్నారు. నడవవు. అందుకే ఇవాళ చెప్పాల్సిన సర్వేల సంగతి పక్కన పెట్టి, ఒకదాని తర్వాత వచ్చింది దాని వల్లే వచ్చినట్టా అన్నదొక్కటే చూద్దాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్‌కార్డులు గుర్తున్నాయా? ఉపాధి హామీ కూలి, పింఛను డబ్బు వేలిముద్ర చూసి ఊళ్లోనే ఇచ్చే పద్ధతి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌టాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి, ఏ మండలానికి కార్డులు ముందు, దేనికి తర్వాత అన్నది లాటరీతో తేల్చి 157 మండలాలను పోల్చారు. రెండేళ్లకు చూస్తే, కార్డులు ముందొచ్చిన చోట కూలి డబ్బు 29 శాతం త్వరగా చేతికందింది, మధ్యలో మాయమయ్యే సొమ్ము సుమారు 41 శాతం తగ్గింది. అప్పటికి సగం చెల్లింపులే కార్డుల మీదికి మారాయి, అయినా అంత తేడా.

ఇప్పుడు మీ పద్ధతిలో బాణం గీయండి. పథకం ముందు, ఫలితాలు తర్వాత, కాబట్టి పరిశోధన ప్రభావం సున్నా అని రాస్తారు. కానీ ఒక దశలో ప్రభుత్వం ఈ కార్డులను ఎత్తేద్దామా అని ఆలోచించింది, ఎందుకంటే కింది నుంచి పైకి వచ్చే మాటల్లో ఎక్కువ ఫిర్యాదులే. ఆ మాటలు ఎవరివో అడగాలి. పాత పద్ధతిలో నాలుగు రూపాయలు వెనకేసుకున్నవాళ్లకు పై అధికారి గది దాకా దారి ఉంటుంది. పింఛను సరిగ్గా అందిందని చెప్పడానికి ఏ ముసలమ్మా కలెక్టరేట్ మెట్లెక్కదు. సర్వేవాళ్లు ఇళ్లకు వెళ్లి అడిగితే అత్యధికులు కొత్త పద్ధతే కావాలన్నారు, ఆ లెక్క పైకి చేరడం పథకం నిలబడడానికి సాయపడింది. అంటే ఇక్కడ పరిశోధన చేసిన పని ఒక రద్దు జీవో రాకుండా ఆపడం. రాని జీవో ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు కదా, అందుకే బాణాలు గీసేవాళ్లకు ఇది కనపడదు.

తేదీల సంగతి ఇంకా ఘోరం, మళ్లీ మళ్లీ చెబుతున్నా వినడం లేదు. స్మార్ట్‌కార్డుల పరిశోధన అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పత్రికలో అచ్చయింది 2016లో, అప్పటికి రాష్ట్రమే రెండయింది. అచ్చు తేదీ పట్టుకుంటే నిర్ణయం ముందు, జ్ఞానం తర్వాత అని తేలుతుంది. అధికారి బల్ల మీదికి ఫలితం ఎప్పుడు చేరిందో అదే మీకు కావాల్సిన తేదీ.

తిరగేసిన ఉదాహరణ ఒకటి, ఫలితం ముందే వచ్చినా పథకం రానిది. పిల్లలు బాగా నేర్చుకుంటే టీచర్లకు బోనస్ ఇచ్చే ప్రయోగం మన రాష్ట్రంలోనే 2005లో మొదలైంది. మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు. బోనస్ ఉన్న బళ్లలో పిల్లలకు లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరిగాయి. 2011లో పేరున్న పత్రికలో అచ్చయింది. అయినా రాష్ట్రమంతటా విధానం కాలేదు.

మరి అధికారి బల్ల మీదికి ఏం చేరిందో ఎక్కడ వెతకాలి? నేనైతే జీవోలో ముందు చూసేది పైన ‘రీడ్’ అని ఉండే చిట్టా, అంటే ఆ ఆర్డరుకు ముందు చూసిన కాగితాల జాబితా. పరిశోధన పేరు అక్కడ నేరుగా దొరకడం అరుదు. ఫలానా డైరెక్టర్ లేఖ, ఫలానా కమిటీ నివేదిక అని ఉంటుంది, పరిశోధన ఆ లేఖ లోపల ఉంటుంది. అసలు ఆర్డరు కంటే నాకు ఆ చిట్టాయే ఇష్టం.

అభ్యాసం: మీ ఇంట్లో ఎవరికైనా వర్తించే ఒక జీవో తీసుకోండి. చిట్టాలోని ఒక లేఖ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజుల గడువుంది. ఈలోపు ఆ పథకం అందుకునే ముగ్గురితో మాట్లాడి వాళ్ల మాటలు యథాతథంగా రాసుకోండి. లేఖ వచ్చాక రెండూ పక్కన పెట్టి, లేఖలో ఎవరి మాట ఉంది, ఎవరిది లేదో ఒక పేజీలో రాసి పంపండి. ఐదో పాఠం ఆ పేజీలతోనే మొదలుపెడతాను.